డిస్కులో మిగిలిపోయిన పాత రెయిడ్ సిగ్నేచర్‌ను ఎలా తొలగించాలి?

ఒకప్పుడు రెయిడ్‌లో (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతిలో) పనిచేసిన డిస్కును బయటికి తీసి, కొత్త పార్టిషన్లు చేసి, డేటా నింపుకున్న తరువాత, లినక్స్ దాన్ని ఇంకా రెయిడ్ సభ్యుడిగానే చూపిస్తుంటే చాలామంది కంగారుపడి డిస్కు మొత్తాన్ని ఫార్మాట్ చేస్తున్నారు. అక్కడ చెరపవలసింది రెయిడ్ సిగ్నేచర్, అంటే రెయిడ్‌కు గుర్తుగా డిస్కు మీద రాసి ఉన్న నాలుగు బైట్లు మాత్రమే.

డిస్కు టూల్స్ లోపలి ఫైళ్లను చదివి ఫైల్‌సిస్టమ్‌ను నిర్ణయించవు. నిర్ణీత స్థానాల్లో ఉండే సిగ్నేచర్లను వెతుకుతాయి. పాత తరహా పార్టిషన్ టేబుల్ (డిస్కు ఏయే భాగాలుగా ఉందో చెప్పే పట్టిక) అయిన ఎంబీఆర్‌కు 510వ బైటు నుంచి 55, ఏఏ అనే రెండు బైట్లు ఉంటాయి. కొత్త తరహా పార్టిషన్ టేబుల్ అయిన జీపీటీకి రెండవ సెక్టారులో ఒక హెడర్, డిస్కు చివరి సెక్టారులో దాని నకలు ఉంటాయి. లినక్స్ ఫైల్‌సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4 సిగ్నేచర్ పార్టిషన్ మొదలు నుంచి 1080వ బైటు దగ్గర ఉంటుంది. పాత 0.90 రకం రెయిడ్ తన గురించి రాసుకునే సమాచారం (సిగ్నేచర్ కూడా ఇందులోనే ఉంటుంది) మాత్రం డిస్కు చివరి నుంచి 64, 128 కిలోబైట్ల మధ్య ఉంటుంది కనుక, చివరి పార్టిషన్‌కు ఆవల మిగిలిన ఖాళీ చోటులో అది చెక్కుచెదరకుండా నిలిచిపోతుంది.

మిగతా డిస్కులను ఊడదీయండి, పార్టిషన్లను అన్‌మౌంట్ చేయండి, రూట్ అధికారంతో వైప్‌ఎఫ్‌ఎస్ (wipefs) అనే కమాండ్‌ను డిస్కు పేరు ఇచ్చి, ఏ ఆప్షన్ లేకుండా నడపండి. అప్పుడది దేన్నీ చెరపదు. దొరికిన ప్రతి సిగ్నేచర్‌నూ దాని స్థానంతో సహా చూపిస్తుంది. సిగ్నేచర్లను చూపే మరో కమాండ్ బీఎల్‌కేఐడీని (blkid) వాడితే 'పీ' ఆప్షన్‌తోనే వాడాలి, లేకపోతే అది దాచుకున్న పాత సమాచారాన్ని చూపించవచ్చు.

ఇక్కడ ఆగండి. రెండు సిగ్నేచర్లు కనిపించినంత మాత్రాన ఒకటి పాతదని తేల్చకూడదు. 0.90 రకం రెయిడ్ 1లో (ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ ఉంచే రకంలో) అసలు డేటా డిస్కు మొదటి నుంచే మొదలవుతుంది కనుక, ఇప్పటికీ పనిచేస్తున్న రెయిడ్ సభ్యుడిలో కూడా పార్టిషన్ టేబుల్, రెయిడ్ సిగ్నేచర్ రెండూ న్యాయంగానే ఉంటాయి. అలాంటి డిస్కులో రెయిడ్ సిగ్నేచర్‌ను చెరిపి, ఒక్కదాన్నే మౌంట్ చేసి రాస్తే, దాని జత డిస్కుతో పొంతన పోతుంది.

అందుకే ముందు ప్రాక్ డైరెక్టరీలో, నడుస్తున్న రెయిడ్‌లను చూపే ఎండీస్టాట్ ఫైల్ (/proc/mdstat) చూడండి. ఆ రెయిడ్ నిజంగా వాడుకలో ఉంటే ఇక ముందుకు వెళ్లవద్దు. తరువాత లినక్స్ రెయిడ్‌ను నిర్వహించే ఎండీఆడమ్ (mdadm) కమాండ్‌ను ఎగ్జామిన్ ఆప్షన్‌తో నడిపి, చివరిసారి అప్‌డేట్ అయిన తేదీ మీరు డిస్కును బయటికి తీసిన కాలానికి సరిపోతుందో లేదో చూడండి. నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే సాక్ష్యం జీపీటీ నకలు. టేబుల్‌ను విడి డిస్కు మీద రాసి ఉంటే నకలు డిస్కు చివరి సెక్టారులో ఉంటుంది. రెయిడ్ మీద రాసి ఉంటే రెయిడ్ హద్దు దగ్గరే ఆగిపోతుంది. ఈ మూడూ ఒకే మాట చెప్పేదాకా చెరపకండి.

పాత రెయిడ్ తనంతట తానే ఎండీ127 పేరుతో లేచి డిస్కును పట్టుకుని ఉంటే, ముందు ఎండీఆడమ్‌తో దాన్ని ఆపండి. ఆ తరువాత వైప్‌ఎఫ్‌ఎస్‌కు బ్యాకప్ ఆప్షన్, 'ఓ' ఆప్షన్‌తో రెయిడ్ సిగ్నేచర్ స్థానం ఇవ్వండి. అన్నిటినీ చెరిపే 'ఏ' ఆప్షన్‌ను డేటా ఉన్న డిస్కు మీద ఎప్పుడూ వాడకూడదు. బ్యాకప్ ఫైల్‌ను వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. పొరపాటు జరిగితే బైట్లను యథాతథంగా కాపీ చేసే డీడీ (dd) కమాండ్‌తో అదే స్థానంలో తిరిగి రాయవచ్చు.

డీడీతో మొదటి మెగాబైటును సున్నాలతో నింపమని చెప్పేవారి మాట వినవద్దు. దానివల్ల మీకు కావలసిన పార్టిషన్ టేబుల్ పోతుంది, వద్దనుకున్న రెయిడ్ సిగ్నేచర్ చివర్లో అలాగే ఉంటుంది.

చివరగా వైప్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ ఆప్షన్లు లేకుండా నడిపి, పార్టిషన్ టేబుల్ సిగ్నేచర్లు మాత్రమే మిగిలాయని చూసుకుని, మొదటిసారి రీడ్ ఓన్లీగా మౌంట్ చేయండి.