నల్గొండలో కూర్చుని నౌకాదళాన్ని రేవులోకి తేవడం

బొమ్మ అడిగిన పెద్దమనిషిది మిర్యాలగూడ. నేవీలో చేసి రిటైరయ్యారు, కూతురు సిడ్నీలో ఉంటుంది. ఆస్ట్రేలియా కొత్త నౌకాదళం 1913 అక్టోబరు 4న సిడ్నీ రేవులోకి వచ్చిన దృశ్యం హాలు గోడకు కావాలన్నారు. గడియారం సెంటర్ పక్క సందులో సైన్‌బోర్డులు రాసుకునే నాలాంటివాడికి సముద్రంతో ఏం పని అని అడిగినవాళ్లున్నారు. ఇలాంటి బొమ్మకు సముద్రం కన్నా ముందు తేదీ కావాలి.

తేదీ తెలిస్తే ఏం వేయకూడదో తెలుస్తుంది. సిడ్నీ అనగానే ఫోనులో కనబడే ఉక్కు వంతెనను తెరిచింది 1932లో, ఆపెరా హౌస్‌ను 1973లో. రెండూ వద్దు. నేటి ఆస్ట్రేలియా నౌకాదళ జెండా కూడా వద్దు. 1967 దాకా వాళ్ల ఓడల వెనక ఎగిరింది బ్రిటిష్ జెండాయే: తెల్ల బట్ట మీద ఎర్ర శిలువ, మూలన యూనియన్ జాక్.

ఆ రోజు ముందు నడిచింది 'ఆస్ట్రేలియా' అనే పెద్ద యుద్ధనౌక. పొడవు 590 అడుగులు, పొగగొట్టాలు మూడు. దానితో సిడ్నీ, మెల్‌బోర్న్, ఎన్‌కౌంటర్ అనే క్రూయిజర్లు, వారెగో, పరమట్టా, యారా అనే చిన్న డిస్ట్రాయర్లు వచ్చాయి. సిడ్నీకీ మెల్‌బోర్న్‌కూ పొగగొట్టాలు నాలుగేసి. నేవీవాళ్లు ముందు వాటినే లెక్కపెడతారు, జాగ్రత్త. మద్రాసు మీద గుళ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్‌ను 1914 నవంబరులో దెబ్బతీసింది ఈ సిడ్నీయే. ఆ మక్కువతో దాన్ని కాస్త పెద్దది చేయాలనిపిస్తుంది, చేయకండి. పక్కకు తిరిగి ఒకే దూరంలో ఉన్నాయనుకుంటే, ఆస్ట్రేలియా 12 అంగుళాలు వేసినప్పుడు సిడ్నీకి 9 పైచిలుకు, డిస్ట్రాయర్‌కు 5 అంగుళాలే.

ఇప్పుడు అసలు చిక్కు. బొమ్మలో వరుసగా వెనక్కి పోయే ఓడలు నీళ్ల మీద నిలబడవు, గాలిలో తేలుతుంటాయి. దీనికి మందు పానగల్లులోని ఉదయసముద్రం చెరువు దగ్గర ఉంది. సాయంత్రం నీటి అంచున కూర్చుని, పుట్టిలో నిలబడి వల లాగేవాళ్లను చూడండి. అవతలి ఒడ్డు గీత దగ్గరి మనిషికి నడుము దగ్గర తగిలితే, దూరపు మనిషికీ నడుము దగ్గరే తగులుతుంది. కట్ట ఎక్కితే ఆ గీత అందరి తలల మీదికీ పోతుంది. ఓడలకూ అదే సూత్రం. మీరు 80 అడుగుల ఎత్తు కొండ మీద నిలబడ్డారనుకోండి, దిగంత రేఖ, అంటే నీళ్లూ ఆకాశమూ కలిసే గీత, ప్రతి ఓడనూ నీటి నుంచి 80 అడుగుల ఎత్తున కోయాలి, దగ్గరిదైనా దూరానిదైనా. కాబట్టి మొదట మీరెక్కడ నిలబడ్డారో తేల్చుకుని ఆ రేఖ గీయండి, తర్వాతే ఓడ. నేను నీటి మట్టాన్ని ఎంచుకోను. ముందరి ఓడ వెనకున్నవాటినన్నిటినీ మింగేస్తుంది.

ఓడ వెనక విచ్చుకునే అలల కోసం నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి వెనకవైపు కూర్చోండి. లోతు నీటిలో ఆ అలల కోణం పడవ సైజును బట్టి మారదు, రెండు వైపులా కలిపి దాదాపు 39 డిగ్రీలు. లాంచీకి ఎంతో యుద్ధనౌకకూ అంతే. అయితే రేవులోకి ఓడలు మెల్లగా వస్తాయి కాబట్టి నురుగు తగ్గించండి. ముక్కు కింద తెల్లగా బుసబుసలాడిస్తే కొండను గుద్దడానికి వస్తున్నట్టుంటుంది.

పెద్ద ఓడలు బొగ్గువి కాబట్టి వాటి పొగ నల్లగా, బరువుగా ఉండాలి. ఒక ఓడ పొగ ఎడమకు, పక్కదాని జెండా కుడికి పోయే బొమ్మలు చాలా చూశాను. గాలి దిక్కును కాన్వాసు అంచున పెన్సిల్‌తో బాణం గుర్తుగా వేసి పెట్టుకోండి.

ఓడల బూడిద రంగుకు నలుపు, తెలుపు కలిపితే సిమెంటు గోడ అవుతుంది. అల్ట్రామెరీన్ నీలం, బర్ంట్ సియెన్నా, తెలుపు కలపండి. దూరం పోయేకొద్దీ నీలం, తెలుపు పెంచండి. రేవు ముఖద్వారం దగ్గరి కొండలు ఇసుకరాయివి, పసుపు ఓకర్ చాలు. ఒడ్డున జనానికి ముఖాలు గీయకండి, టోపీల చుక్కలు పెట్టి వదిలేయండి. సూర్యాస్తమయం మాత్రం అడిగినా వేయను. ఎర్రటి ఆకాశం పెడితే స్వాగతం కాస్తా వీడ్కోలైపోతుంది.

నూనె రంగులైతే వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి. పండగలోపు కావాలనే వారికి వార్నిష్ లేకుండానే ఇచ్చేయండి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసి, ఎండాకాలంలో మళ్లీ తెమ్మనండి.