కార్డ్‌లెస్ డ్రిల్ బ్యాటరీ పనిచేయడం లేదా? ముందు సెల్ చూడండి

తిరుపతిలో తలుపుల పని, ఇంటీరియర్ పని చేసేవారి సంచిలో కార్డ్‌లెస్ డ్రిల్ ఇప్పుడు మామూలు వస్తువు. మోటారు ఏళ్ల తరబడి నిలుస్తుంది, ముందు మొరాయించేది బ్యాటరీయే. కొత్త ప్యాక్ ధర విని మంచి మెషిన్‌ను మూలన పడేయడం చూస్తే బాధగా ఉంటుంది. ప్యాక్ అంటే సెల్స్ అనే చిన్న బ్యాటరీలను కలిపిన పెట్టె. చాలాసార్లు లోపల ముందుగా దెబ్బతినేది ఒక్క సెల్లే.

18 వోల్టుల ప్యాక్‌లో 3.6 వోల్టుల లిథియం సెల్స్ ఐదు వరుసగా కలిపి ఉంటాయి. నిండా చార్జి చేస్తే ఒక్కోటి 4.2, మొత్తం 21 వోల్టులు. పెట్టె మీద 20 అనో 21 అనో రాసి ఉన్నవాటిలోనూ ఉండేది ఇవే ఐదు. ఎక్కువ ఆంపియర్-అవర్ల (ఎక్కువ నిల్వ ఉన్న) ప్యాక్‌లలో సెల్స్ జతలుగా ఉంటాయి.

సమస్య: చార్జర్ దీపం మెరుస్తుంది, చార్జి ఎక్కదు

మే నెల మధ్యాహ్నం అయితే ముందు వేడిని అనుమానించండి. సుమారు 45 డిగ్రీలు దాటిన లిథియం ప్యాక్‌ను మంచి చార్జర్ తీసుకోదు. మన ఎండకు పని వేడి తోడైతే ఆ హద్దు దాటడం ఎంతసేపు? నీడలో చల్లారనివ్వండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు. తర్వాత ప్యాక్‌కు చార్జర్ తగిలే లోహపు కొనలను చూడండి. రంపపు పొట్టు, గ్రానైట్ పనిలో అయితే రాతి ధూళి పేరుకుంటుంది. పొడిగుడ్డతో తుడవండి.

అప్పటికీ ఎక్కకపోతే ప్యాక్ విప్పి, ఒక్కో సెల్‌ను మల్టీమీటర్‌తో కొలవాలి. బయటి కొనల దగ్గర కొలిస్తే సరిపోదు, లోపలి రక్షణ సర్క్యూట్ ఆపేసి ఉంటే అక్కడ సున్నా చూపవచ్చు. ఏదైనా సెల్ 2.5 వోల్టుల కంటే దిగిపోయి ఉంటే చార్జర్ నిరాకరించడం సహజం. మరో బ్యాటరీ నుంచి తీగలు కలిపి దాన్ని "లేపే" పద్ధతి చాలామంది చూపిస్తారు. దయచేసి చేయకండి. బాగా దిగిపోయిన సెల్‌లో రాగిరేకు లోపలి ద్రవంలోకి కరుగుతుంది. చార్జి పెట్టినప్పుడు ఆ రాగి మళ్లీ పేరుకుని లోపలే షార్ట్ కావచ్చు, మంటలు రావచ్చు.

సమస్య: ఫుల్ చూపిస్తుంది, నాలుగు స్క్రూలకే ఆగిపోతుంది

బరువు పడగానే బలహీనమైన సెల్ వోల్టేజీ కూలిపోతుంది, రక్షణ సర్క్యూట్ మొత్తం ప్యాక్‌ను ఆపేస్తుంది. నిండా చార్జి చేసి ఐదింటినీ కొలిచి రాసుకోండి, మర్నాడు మళ్లీ కొలవండి. వెనకబడినదే దోషి. ఐదూ సమానంగా ఉండి కూడా త్వరగా అయిపోతుంటే అన్నీ ముసలివైనట్టే.

దోషి ఒక్కటే అయినా ఐదూ మార్పించమనే నా సలహా. పాతవాటి మధ్య ఒక కొత్త సెల్ పెడితే కొద్దికాలానికే మళ్లీ తేడా వస్తుంది. సెల్స్ అన్నీ ఒకే మోడల్‌వి, కనీసం 15-20 ఆంపియర్లు ఇవ్వగలవి కావాలి. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసినవి ఈ బరువుకు తట్టుకోవు. సెల్స్‌ను కలిపే నికెల్ పట్టీని స్పాట్ వెల్డింగ్ యంత్రంతోనే అతికించాలి. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేస్తే వేడికి లోపలి సీలు పాడవుతుంది. ఆ యంత్రం ఉన్న రిపేరు షాపుకే ఇవ్వండి, సెల్ మోడల్ అడిగి రాయించుకోండి. కొన్ని కంపెనీల సర్క్యూట్ ఒకసారి లాక్ అయితే కొత్త సెల్స్ వేసినా తెరుచుకోదు. అందుకే డబ్బు ఇచ్చే ముందు ఆ సంగతి తేల్చుకోండి. రిపేరు ఖర్చు కొత్త ప్యాక్ ధరలో సగం దాటితే నేనైతే కొత్తదే కొంటాను.

సమస్య: వాడకుండా ఉంచినా పాడైంది

కరకంబాడిలో అమరరాజా ఉన్న ప్రాంతం మనది, లెడ్ యాసిడ్ బ్యాటరీల అలవాట్లు మనకు బాగా తెలుసు. వాటిని నిండా చార్జి చేసి ఉంచాలి. లిథియంకు ఆ నియమం పనికిరాదు. సగం చార్జితో, చల్లని చోట పెట్టాలి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో అసలు వద్దు.

పాత 18 వోల్టుల నికెల్ కాడ్మియం ప్యాక్ అయితే 1.2 వోల్టుల సెల్స్ పదిహేను ఉంటాయి. దాని చార్జర్‌ను లిథియంకు వాడకూడదు.

వాడకపోయినా వేడెక్కే ప్యాక్, తియ్యని ఘాటు వాసన వచ్చేది, సొట్టపడినది, వానలో తడిసినది విప్పవద్దు. ఇంటికి దూరంగా, మండే వస్తువులు లేని చోట ఉంచండి. పాడైన ప్యాక్ కొనలకు టేపు అంటించి అమ్మిన షాపుకో, కంపెనీ సర్వీస్ సెంటరుకో ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. చెత్తబండిలో వేస్తే నలిగి అంటుకునే ప్రమాదం ఆ బండి వెంట తిరిగే కార్మికులదవుతుంది.