మొదటి రోడ్ సైకిలు: ముందు మీ కాలు కొలవండి

నలభై మూడో ఏట డాక్టరు నా రక్తపరీక్ష కాగితాలు చూసి, రోజూ ఒళ్లు కదలాల్సిందే అన్నారు. ఆ నెలలోనే వంపు హ్యాండిల్, సన్న టైర్లు ఉన్న రోడ్ సైకిలు కొన్నాను. నాలుగు నెలలు తిరగకుండానే దాన్ని గోడకు ఆనించి పాత దుప్పటి కప్పేశాను. సైకిలులో లోపం ఏమీ లేదు. కానీ అది 56 సైజు ఫ్రేము, నా ఎత్తేమో 168 సెంటీమీటర్లు. సీటు దించుకుంటే సరిపోతుందని అమ్మినతను అంటే నమ్మాను. సీటు దిగింది గానీ హ్యాండిల్ దగ్గరకు రాదు కదా! ఇరవై నిమిషాలు తొక్కేసరికి అరచేతులు తిమ్మిరెక్కేవి, మెడ పట్టేసేది. ఈ వయసులో ఇంతేనేమో అనుకుని మానేశాను. ఏడాది తరువాత ఒక మిత్రుడి 52 సైజు సైకిలు మీద గంటసేపు తిరిగి వచ్చాను. చేతులు, మెడ, నడుము దేనికీ నొప్పి లేదు. మిత్రుడి సైకిలు నా దానికంటే చవకైనది, బరువైనది కూడా.

అందుకే తక్కువ ఖర్చులో ఏ సైకిలు కొనాలని ఎవరు అడిగినా, కంపెనీల పేర్ల జోలికి పోకుండా ముందు కాలు కొలుచుకోమంటాను. చెప్పులు విప్పి, గోడకు వీపు ఆనించి, పాదాలు ఒక జానెడు ఎడంగా పెట్టి నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి పడుతుందో అంత గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం పై అంచు గోడను తాకిన చోట పెన్సిలుతో గీత పెట్టి, నేల నుంచి ఆ గీత వరకు కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే, పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. నా కొలత 78 సెంటీమీటర్లు, కాబట్టి సీటు ఎత్తు దాదాపు 69. ఇది తుది మాట కాదు. అక్కడ మొదలుపెట్టి అర సెంటీమీటరు చొప్పున అటూ ఇటూ సవరించుకోవాలి.

అయితే సీటు ఎత్తు సవరించుకోవడం తేలిక. అసలు చిక్కు ఫ్రేము పొడవుతోనే. 52, 54, 56 అని రాసే అంకెలు ఒక కంపెనీకీ మరో కంపెనీకీ సమానంగా ఉండవు. అందుకే ప్రతి కంపెనీ ఇచ్చే కొలతల పట్టికలో 'రీచ్', 'స్టాక్' అనే రెండు అంకెలు చూడండి. పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ మొదలు ఎంత ముందుకు ఉందో రీచ్ చెబుతుంది, ఎంత ఎత్తులో ఉందో స్టాక్ చెబుతుంది. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని పనిచేసిన ఒంటికి రీచ్ తక్కువ, స్టాక్ ఎక్కువ ఉన్న సైకిలు నప్పుతుంది. కంపెనీలు వీటిని 'ఎండ్యూరెన్స్' రకం అంటాయి. పందేల కోసం చేసినవి చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కానీ మొదటి ఏడాది వాటి మీద వంగి కూర్చోవడం శిక్షే. రెండు సైజుల మధ్య ఎటు పోవాలో తేలకపోతే చిన్నది తీసుకోండి. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్‌ను కొంచెం పొడవైనది వేసుకుని చిన్న సైకిలును సర్దుకోవచ్చు, పెద్దదాన్ని కుదించడం కష్టం.

కొనేముందు కనీసం పావుగంట తొక్కండి. అంగడి ముందు రెండు చుట్లు తిరిగితే ఏమీ తెలియదు. బ్రేకు పిడుల మీద చేతులు ఆనించినప్పుడు మోచేతులు కాస్త వంగి ఉండాలి. అవి కర్రల్లా బిగుసుకుపోతే ఆ సైకిలు మీకు పొడవు. తొక్కి చూసుకోనివ్వని చోట కొనకండి.

ఇక గేర్లు. కొత్తవాళ్లు ఎన్ని గేర్లు ఉన్నాయని అడుగుతారు, నేనైతే అన్నిటికంటే తేలికైన గేరు ఏదని అడుగుతాను. ముందు ఉన్న పళ్లచక్రాల్లో చిన్నదానికి ఎన్ని పళ్లు, వెనుక పెద్దదానికి ఎన్ని పళ్లు అన్నదే లెక్క. నా మొదటి సైకిలుకు ముందు 39, వెనుక 25. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం దాదాపు 3.3 మీటర్లు పోవాలి. ఎత్తు మీద గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పోతుంటే నిమిషానికి 40 చుట్లు మాత్రమే తిరుగుతాయి, ప్రతి చుట్టూ మోకాళ్ల మీద బరువే. ఇప్పటి సైకిలుకు ముందు 34, వెనుక 34. ఒక చుట్టుకు 2.1 మీటర్లు. అదే వేగంలో 60కి పైగా చుట్లు తిరుగుతాయి, ఊపిరి ఆడుతుంది, కాళ్లు నిలుస్తాయి. కాబట్టి ముందు 50, 34 పళ్లున్న 'కాంపాక్ట్' జత, వెనుక 32 లేదా 34 పళ్ల వరకు ఉన్న పళ్లచక్రాల గుత్తి చూసుకోండి. బరువు తగ్గాలనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఎత్తు ఎక్కలేక దిగి నడిచిన రోజు మనసు ఎంత చిన్నబోతుందో నాకు తెలుసు.

గేర్ల సామాగ్రి పేర్లు వినపడతాయి: షిమానో కంపెనీ చేసే క్లారిస్, సోరా, టియాగ్రా, ఆ పైన 105. క్లారిస్‌లో వెనుక 8 పళ్లచక్రాలు, సోరాలో 9, టియాగ్రాలో 10. పైకి వెళ్లే కొద్దీ మార్పు మరింత మెత్తగా జరుగుతుంది, బరువు తగ్గుతుంది, చైను ఖరీదు పెరుగుతుంది. ఆరోగ్యం కోసం తొక్కేవాళ్లకు క్లారిస్ చాలు. నేను మూడేళ్లుగా దానితోనే తొక్కుతున్నాను.

ఫ్రేము విషయం త్వరగా చెప్పేస్తాను. అల్యూమినియం ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టి ఉంచే కార్బన్ ఫోర్కు ఉంటే తక్కువ ధరల స్థాయిలో అంతకంటే మంచి పొత్తు లేదు. స్టీలు బరువైనా గట్టిది, దాని మీద ప్రయాణం హాయిగా ఉంటుంది. పూర్తి కార్బన్ మీద ఆశ ఇప్పుడు వద్దు. పందేల్లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం ప్రకారం సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదు. మనకు దొరికే మొదటి సైకిళ్లు 9 నుంచి 11 కిలోల మధ్య ఉంటాయి. ఆ రెండు నుంచి నాలుగు కిలోల తేడా కోసం రెట్టింపు పెట్టడం దండగ. బరువు తగ్గాల్సింది మన ఒంటి నుంచి.

టైర్ల విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. సన్నగా ఉంటే వేగం అనే పాత నమ్మకంతో 23 మిల్లీమీటర్ల టైర్లు వాడిన కాలం పోయింది. 28 మిల్లీమీటర్లు వేసుకోండి. ఫ్రేములో 32 వరకు పట్టే చోటు ఉంటే ఇంకా మంచిది. టైరు వెడల్పు పెరిగితే గాలి తక్కువగా కొట్టుకోవచ్చు, గతుకుల దెబ్బ చేతులదాకా రాదు. నా బరువు ఇప్పుడు 68 కిలోలు. 28 టైర్లలో గాలి ఒత్తిడి ముందు 65, వెనుక 70 పీఎస్‌ఐ ఉండేలా కొడతాను. టైరు పక్కన ముద్రించి ఉండేది గరిష్ఠ హద్దు, అంతవరకు కొట్టి తీరాలని కాదు. మీ దారి సగానికి పైగా గతుకులే అయితే, వంపు హ్యాండిల్ వదిలేసి తిన్నని హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిలు కొనుక్కోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

బ్రేకులు రిమ్ము మీద పట్టేవైనా డిస్కువైనా ఫరవాలేదు. వానలో, దిగుడులో డిస్కు నమ్మకంగా ఆపుతుంది. రిమ్ము బ్రేకు తేలిక, ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. అయితే చాలా రిమ్ము బ్రేకులకు 28 టైరు పట్టకపోవచ్చు, చూసుకోండి.

పాతది కొనడం డబ్బు మిగుల్చుకోవడానికి అన్నిటికంటే మంచి దారి. నా ఇప్పటి సైకిలు అలా వచ్చినదే. దాన్ని చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక స్కేలు పెట్టుకున్నాను. చైనులో ప్రతి పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. అందువల్ల ఒక పిన్ను మధ్యన సున్నా పెడితే 12 అంగుళాల గీత సరిగ్గా మరో పిన్ను మధ్యన పడాలి. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు ముందుకు జరిగి ఉంటే చైను అరిగిపోయినట్లు, మార్చాలి. ఎనిమిదో వంతు జరిగిందంటే వెనుక పళ్లచక్రాలూ అరిగి ఉంటాయి, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనాలి. నేను చూసిన సైకిలు చైను పదహారో వంతు దగ్గర ఉంది. స్కేలు చూపించగానే అమ్మే ఆయనే చైను ధర తగ్గించారు.

తరువాత ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ కింద టక్కుటక్కుమంటే అక్కడి బేరింగు వదులైంది. పెడల్ కడ్డీని పట్టుకుని పక్కలకు లాగండి, ఆడకూడదు. చక్రాలను గాల్లో తిప్పి బ్రేకు కట్టెల మధ్య అవి వంకరగా ఊగుతున్నాయేమో చూడండి. రిమ్ము బ్రేకులైతే రిమ్ము పక్కలను వేలితో తడమండి, లోపలికి గుంటలా అరిగి ఉంటే ఆ చక్రం పని అయిపోయినట్లే. హ్యాండిల్ గొట్టం కింద, పెడల్ ఇరుసు చుట్టూ ఫ్రేమును గుడ్డతో తుడిచి, రంగులో వెంట్రుక వంటి గీతలున్నాయేమో వెలుతురులో వెతకండి. అతుకు దగ్గర గీత ఉంటే అక్కడితో ఆపేయండి. సీటు కడ్డీ కదులుతుందో లేదో కూడా చూడాలి, కొన్ని లోపలే పట్టుకుపోయి రావు. పాత కార్బన్ ఫ్రేములో పగులు లోపల దాగి ఉండవచ్చు. తెలిసినవాళ్లు పక్కన లేకపోతే ముట్టుకోకండి. చివరగా ఫ్రేము అడుగున ఉండే వరుస సంఖ్యను, అమ్మే వ్యక్తి దగ్గరున్న రసీదుతో సరిపోల్చండి.

ఉన్న డబ్బంతా సైకిలుకే పెట్టేయకండి. పది పాళ్లలో రెండు పాళ్లు పక్కన పెట్టండి. తలకు సరిగ్గా పట్టే హెల్మెట్, ముందూ వెనుకా దీపాలు, ఒక అదనపు ట్యూబు, టైరు విప్పే ప్లాస్టిక్ కడ్డీలు, గాలి ఒత్తిడి చూపే ముల్లు ఉన్న పంపు, నీళ్ల సీసా ఇవి తప్పవు. రోడ్ సైకిళ్ల వాల్వు చాలావరకు సన్నగా ఉంటుంది. దాని కొన మీదున్న బుల్లి మరను వదులు చేసిన తరువాతే గాలి ఎక్కుతుంది, మామూలు పంపు మూతి దానికి పట్టదు. ఈ ముక్క తెలియక నేను మొదటి వారమే వాల్వు కొన వంచేశాను. సన్న టైర్లలో గాలి తనంతట తానే తగ్గుతుంది కాబట్టి వారానికి ఒకసారి కొట్టండి. మెత్తటి సీటు కోసం పరుగెత్తకండి. కూర్చునే ఎముకల వెడల్పుకు తగినది, కాస్త గట్టిదే నయం. మొదటి పది రోజుల నొప్పి అందరికీ ఉంటుంది. మూడు వారాలు దాటినా తగ్గకపోతే అప్పుడు సీటు మార్చుకోండి.

సైకిలు ఇంటికి వచ్చాక, గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు కాలు తిన్నగా ఉండాలి. మునివేళ్ల వెనుక భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగుతుంది, కావలసింది అదే. మోకాలి ముందు భాగం నొస్తే సీటు కొంచెం పెంచండి, వెనుక నొస్తే కొంచెం దించండి. కుదిరిన ఎత్తు దగ్గర సీటు కడ్డీకి ఒక చుట్టు టేపు అంటించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం. నేను వారానికి మూడు సార్లు, ఒక్కోసారి పాతిక నిమిషాలతో మొదలుపెట్టి రెండు నెలల్లో ఆ అంకెకు చేరాను. పక్కన ఎవరైనా ఉంటే వాక్యం తెగకుండా మాట్లాడగలిగే వేగం చాలు. గేరు తేలిక చేసి నిమిషానికి 80 చుట్ల దాకా తిప్పడం అలవాటు చేసుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఏళ్లుగా ఒళ్లు కదలనివాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోండి. కొత్త కేబుళ్లు మొదటి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి, గేర్లు తడబడతాయి. కంగారు పడకుండా కొన్న చోటికే తీసుకెళ్లి ఒకసారి బిగించమనండి.