సీడీ4 పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించాలి?

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు చక్కగా పట్టినవాళ్లే సీడీ4 (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాల లెక్క) కోసం ఎక్కువ పరుగులు పెడతారు. నెలనెలా ప్రైవేటు ల్యాబులో డబ్బు పోసి, అంకె కాస్త తగ్గగానే నిద్ర మానుకుంటారు. కౌన్సెలర్‌గా ఇది చూసి చూసి విసిగిపోయాను.

మొదట ఒక నోటుబుక్కు కొనండి. పరీక్ష తేదీ, సీడీ4, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) వరసగా రాయండి. ఫోన్లో ఫొటోలు వద్దు, అవసరానికి ఒక్కటీ దొరకదు.

తర్వాత వైరల్ లోడ్. మందు పనిచేస్తోందో లేదో చెప్పేది ఇదే. మందులు మొదలెట్టిన 6వ నెలలో, 12వ నెలలో, ఆపైన ఏడాదికోసారి.

సీడీ4 మొదట్లో 6 నెలలకోసారి. అది 350 దాటి, అప్పుడే చేసిన వైరల్ లోడ్ 1000 కాపీల లోపుంటే, మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం సీడీ4 ఆపేయొచ్చు. అమెరికాలోనైతే రెండేళ్లుగా వైరస్ అదుపులో ఉండి సీడీ4 300-500 మధ్య ఉన్నవాళ్లకు ఏడాదికోసారి చేస్తారు. 500 దాటితే చేయించినా, మానినా ఫర్వాలేదంటారు.

అందరూ బోల్తాపడేది రిపోర్టు చదవడంలో. ఒకాయన 620 నుంచి 480కి పడిందని వణుకుతూ వచ్చాడు. "సార్, మందు పట్టడం లేదు" అన్నాడు. రక్తం ఇచ్చిన రోజు ఒళ్లు కాలిపోతోందట! జ్వరం, స్టెరాయిడ్లు, గర్భం, చివరికి రక్తం తీసిన వేళ కూడా ఆ అంకెను మారుస్తాయి. సుమారు 30 శాతానికి మించి తగ్గితేనే అసలైన మార్పు అనుకోవాలి. ఆయన లెక్కన 434 కిందికి దిగాలి. రిపోర్టులో పక్కనే ఉండే సీడీ4 శాతం (లింఫోసైట్లు అనే తెల్లకణాల్లో సీడీ4 కణాల వాటా) కూడా చూడండి, అది అంతగా ఊగదు. మూడు పాయింట్లకు పైగా మారితే ఆలోచించాలి. ఆయనకు 28 కాస్తా 27 అయింది, అంతే.

అందుకే జ్వరం పూర్తిగా తగ్గాకే రక్తం ఇవ్వండి. ఎప్పుడూ ఒకే ల్యాబు, ఒకే వేళ. పొద్దున పదిలోపే ఇవ్వాలన్నది నా పట్టుదల. అంకె చూసి మాత్రలు ఆపడం, రెట్టింపు చేయడం అసలే వద్దు.

వైరల్ లోడ్ 1000 దాటినా, మాత్రలు రోజుల తరబడి తప్పినా, తగ్గని దగ్గు పట్టుకున్నా, క్యాన్సర్ మందులు మొదలైనా సీడీ4 మళ్లీ అవసరం పడొచ్చు. అప్పుడు ఏడాది ఎప్పుడు నిండుతుందా అని చూడకండి, ఆ వారమే నోటుబుక్కు పట్టుకుని ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లండి.