పేరు ఒకటే, మనుషులు వేరు: వృత్తి రికార్డులు కలిసిపోతే ఎక్కడ సరిచేయాలి

పరిశోధకులైనా నటులైనా డాక్టర్లైనా, పేరు కలిసినవాళ్ల ఆన్‌లైన్ వృత్తి రికార్డులకు వచ్చే జబ్బులు రెండే. ఇద్దరి పని ఒకరి ఖాతాలో పడటం ఒకటి. ఒకరి పని రెండు మూడు ఖాతాలుగా చీలిపోవడం రెండోది. చాలామందికి ఈ రెండూ ఒకేసారి ఉంటాయి. అలాంటప్పుడు ముందు పరాయివి తీసేయించాలి, ఆ తర్వాతే మీవి కలపాలి. వరస తిరగబడిందంటే పరాయి వ్యాసాలున్న ప్రొఫైలును చేజేతులా మీ అసలు ప్రొఫైల్లో కలుపుకున్నట్టే. కలపడానికి ఒక్క అభ్యర్థన చాలు. విడదీయాలంటే ఒక్కో వ్యాసం చూపించి, ఇది నాది కాదని చెప్పుకోవాలి.

తప్పు కనిపించిన చోటే పుట్టి ఉంటుందనీ అనుకోవద్దు. మెటాడేటా, అంటే వ్యాసం పేరు, రచయితల పేర్లు లాంటి వివరాలు, జమచేసేది ప్రచురణకర్త. దాన్ని తీసుకుని, ఏ వ్యాసం ఎవరిదో లెక్కకట్టి గుంపులు చేసేది స్కోపస్, ఓపెన్‌అలెక్స్ లాంటి డేటాబేసు. ఆ గుంపుల్ని తెచ్చి చూపించేది మీరు చూస్తున్న సైటు. పై అంచెలో తప్పుంటే కింద ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ వస్తుంది. అందుకని మొదటి పరీక్ష ఇది: గొడవ పెడుతున్న వ్యాసం డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకుని, ప్రచురణకర్తలు ఆ వివరాలు జమచేసే క్రాస్‌రెఫ్ మెటాడేటా శోధనలో వెతకండి. అక్కడ మీ పేరూ ఆర్కిడ్ సంఖ్యా (పరిశోధకులు ఎవరికి వారు తీసుకునే గుర్తింపు సంఖ్య) సరిగ్గా ఉంటే తప్పు డేటాబేసుది. అక్కడే తప్పుంటే డేటాబేసుకు రాయడం దండగ, నేరుగా ప్రచురణకర్తకు రాయాలి.

లక్షణం: గూగుల్ స్కాలర్ ప్రొఫైల్లో మీకు సంబంధం లేని రంగం వ్యాసాలు వచ్చి చేరుతున్నాయి

కారణాలు రెండు. ప్రొఫైల్ తెరిచిన రోజున వ్యాసాలను గుంపులుగా చేర్చుకోవడం మొదటిది. పేరుతో వెతికితే స్కాలర్ కట్టలు కట్టి చూపిస్తుంది. ఒక కట్టకు టిక్కు పెడితే అందులో ఉన్న పరాయివీ వచ్చేస్తాయి. రెండోది, కొత్త వ్యాసాలను అడక్కుండా చేర్చే అమరిక. పేరు అరుదైనదైతే అది సుఖం. పేరు నలుగురిదైతే అదే కొంప ముంచుతుంది.

ప్రొఫైల్లోని ప్లస్ గుర్తు నొక్కి, 'కాన్ఫిగర్ ఆర్టికల్ అప్‌డేట్స్'లో స్వయంచాలకంగా చేర్చడం ఆపి, సమీక్షకు ఈమెయిల్ పంపమనే ఎంపిక పెట్టండి. ముందు ఇది చేశాకే శుభ్రం మొదలుపెట్టండి. తర్వాత పరాయివాటికి టిక్కు పెట్టి 'డిలీట్' నొక్కండి. అవి చెత్తబుట్టలోకి వెళ్తాయి, పొరపాటున మీదే పోతే అక్కణ్నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇక మీ వ్యాసమే రెండుసార్లు కనిపిస్తుంటే (ముందస్తు ప్రతి ఒకటి, అచ్చయినది ఒకటి) ఒకదాన్ని తీసేయకండి. రెండింటికీ టిక్కు పెట్టి 'మెర్జ్' చేయండి, ఉల్లేఖనలు (ఇతరులు తమ వ్యాసాల్లో దాన్ని ప్రస్తావించినవి) రెండు చోట్లవీ కలిసి లెక్కకొస్తాయి. తీసేస్తే ఆ ప్రతికి వచ్చినవి మీ లెక్కలోంచి పోతాయి.

పరాయి వ్యాసాలతో హెచ్-ఇండెక్స్ (వ్యాసాలు, వాటి ఉల్లేఖనలు బట్టి కట్టే కొలత) పెరిగింది కదా అని చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లుంటారు. పదోన్నతి కమిటీలో ఒక్కరు ఆ జాబితా తెరిచి చూస్తే ఆ సంఖ్యతో పాటు మిగతా దరఖాస్తు మీదా నమ్మకం పోతుంది.

లక్షణం: స్కోపస్‌లో మీ పేరుతో రెండు మూడు ప్రొఫైళ్లు

స్కోపస్ రచయిత సంఖ్యను మీరు తీసుకోరు, అల్గారిదమే ఇస్తుంది. పేరు, సంస్థ, రంగం, సహరచయితలు, ఉల్లేఖనలు చూసి గుంపు కడుతుంది. అనుమానం వస్తే కలపకుండా వేరుగా ఉంచడం దాని పద్ధతి. అందుకే ఉద్యోగం మారినప్పుడు, రంగం మారినప్పుడు, ఒక వ్యాసంలో పూర్తి పేరూ ఇంకో వ్యాసంలో పొడి అక్షరాలూ వాడినప్పుడు కొత్త ప్రొఫైల్ పుడుతుంది. దాంట్లో తరచూ ఒకటో రెండో వ్యాసాలే ఉంటాయి కనుక కంటబడదు.

దీనికి చందా అక్కర్లేదు, రచయితల శోధన ఉచితమే. మీ పేరును ఎన్ని రకాలుగా అచ్చువేశారో అన్ని రకాలుగానూ వెతకండి: ఇంటిపేరు ముందు, ఇంటిపేరు వెనక, ఒక పొడి అక్షరం, రెండు పొడి అక్షరాలు, హైఫన్ ఉన్నది, లేనిది. దొరికిన ప్రతి ప్రొఫైలూ తెరిచి వ్యాసాల జాబితా చదవండి. పరాయివి కనిపిస్తే ముందు వాటిని తీసేయమని దిద్దుబాటు పెట్టండి. అది అమలయ్యాకే మీ ప్రొఫైళ్లు ఎంచి 'రిక్వెస్ట్ టు మెర్జ్' పంపండి. సంస్థ ఇచ్చిన ఈమెయిల్ నుంచి పంపితే ఎవరో ఏమిటో అన్న ప్రశ్న రాదు.

స్కోపస్ లాంటిదే ఇంకో డేటాబేసు వెబ్ ఆఫ్ సైన్స్‌లో దారి కొంచెం వేరు. అక్కడ అల్గారిదం కట్టిన రికార్డును మీరు 'క్లెయిమ్' చేసి మీదని ప్రకటించుకోవాలి. 2008లో మొదలైన రీసెర్చర్‌ఐడీ అనే రచయిత సంఖ్య ఇప్పుడు ఆ ప్రొఫైల్‌కే అతుక్కుని ఉంటుంది. వ్యాస సమీక్షలు నమోదు చేసుకునే పబ్లన్స్ సైటులో ఖాతా ఉన్నవాళ్లకు కొత్తది తెరవాల్సిన పని లేదు, 2022లో అది ఇందులో కలిసిపోయింది.

లక్షణం: మీకు రెండు ఆర్కిడ్ సంఖ్యలున్నాయి

పాత ఉద్యోగం ఈమెయిల్‌తో ఒకటి తీసుకున్నారు. కొత్త చోట ఏదో పత్రిక సమర్పణ ఫారం అడిగితే పాతది గుర్తులేక ఇంకోటి తీసుకున్నారు. నూటికి తొంభై సార్లు కథ ఇదే.

ఉంచుకోవాల్సిన రికార్డు ఏదో తేల్చుకోండి. అచ్చయిన వ్యాసాల్లో ఎక్కువగా ఉన్న సంఖ్యనే ఉంచుకోవడం మేలు. రెండో రికార్డులో మాత్రమే ఉన్న పనులు, ఉద్యోగ వివరాలు ముందే మొదటిదానిలోకి ఎక్కించుకోండి. ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత తల పట్టుకుంటారు, ఎందుకంటే తొలగించిన రికార్డులోని సమాచారం దానంతటది రాదు, చెరిగిపోతుంది. తర్వాత ఉంచుకునే రికార్డులో లాగిన్ అయి, ఖాతా అమరికల్లో 'రిమూవ్ ఎ డూప్లికేట్ రికార్డ్' తెరిచి, రెండోదాని ఈమెయిల్ లేదా సంఖ్య, పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆ తర్వాత తీసేసిన సంఖ్య నొక్కినవాళ్లు ఉంచుకున్నదానికే చేరుకుంటారు కాబట్టి అచ్చయిన వ్యాసాల గురించి దిగులక్కర్లేదు. ఈ పని చేశాక వెనక్కి తీసుకోలేరు.

మళ్లీ రాకుండా ఉండాలంటే రికార్డులో కనీసం రెండు ఈమెయిళ్లు పెట్టండి, అందులో ఒకటి సంస్థతో సంబంధం లేని సొంతది. ఉద్యోగం పోయినరోజే సంస్థ ఈమెయిలూ పోతుంది.

లక్షణం: మీ వ్యాసానికి మీ పేరిటివారి ఆర్కిడ్ సంఖ్య అంటుకుంది

ఇది అన్నిటికన్నా చెడ్డది. కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: వ్యాసం సమర్పించిన సహరచయిత మీ సంఖ్య తెలియక, ఆర్కిడ్ రిజిస్ట్రీలో పేరుతో వెతికి మొదట కనిపించినదాన్ని ఎంచేశారు. అక్కడ అదే పేరుతో చాలామంది ఉంటారు. వివరాలేవీ బయటపెట్టని ఖాళీ రికార్డులూ బోలెడు. ఏది ఎవరిదో పేరును బట్టి చెప్పలేం. సంఖ్యను ఎవరికి వారు లాగిన్ అయి ఇవ్వాలి తప్ప ఇంకొకరు టైపు చేయకూడదన్న నియమం ఉన్నది అందుకే. అలా ఇచ్చారో లేదో క్రాస్‌రెఫ్ మెటాడేటాలో సంఖ్య పక్కన 'ఆథెంటికేటెడ్' అనే గుర్తు చెబుతుంది.

పత్రిక సంపాదక కార్యాలయానికి రాయండి. డీఓఐ, రచయితల వరసలో మీ స్థానం, తప్పు సంఖ్య, సరైన సంఖ్య, మెటాడేటాను క్రాస్‌రెఫ్‌కు మళ్లీ జమచేయమన్న కోరిక, అన్నీ ఒకే ఉత్తరంలో ఉండాలి. చివరిది రాయకపోతే వాళ్లు తమ వెబ్‌పేజీ దిద్ది ఊరుకుంటారు. మీ పేరిటివారి రికార్డులోకి ఆ వ్యాసం తనంతట తాను చేరిపోయి ఉండొచ్చు, దాన్ని తీసేయాల్సింది వాళ్లే. మర్యాదగా రాస్తే చాలామంది తీసేస్తారు. వాళ్లకూ ఇదే బెడద కదా.

సంఖ్య టైపులో ఒక అంకె తప్పిందేమో అనుమానం వస్తే కాగితం మీదే పట్టుకోవచ్చు. ఆర్కిడ్‌లో 16 స్థానాలు, చివరిది తనిఖీ అంకె. సున్నాతో మొదలుపెట్టి, మొదటి 15 అంకెల్లో ఒక్కోదాన్ని ఉన్న మొత్తానికి కూడి, రెండుతో గుణిస్తూ వెళ్లండి. ఆఖరి మొత్తాన్ని 11తో భాగించగా వచ్చే శేషాన్ని 12లోంచి తీసేయండి. వచ్చింది 11 అయితే 0, 12 అయితే 1. 10 వస్తే ఆ స్థానంలో ఇంగ్లిషు ఎక్స్ అక్షరం ఉంటుంది. 0000-0002-1825-0097 తీసుకోండి: మొత్తం 1314, శేషం 5, తనిఖీ అంకె 7. సరిపోయింది. ఇది జోసయ్య కార్‌బెరీ అనే ప్రొఫెసర్ సంఖ్య. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో సరదాకు పుట్టించిన, అసలు లేనే లేని మనిషి ఆయన.

లక్షణం: వైద్య పరిశోధన వ్యాసాల సూచిక పబ్‌మెడ్‌లో పేరుతో వెతికితే వందలకొద్దీ ఫలితాలు

2002కు ముందు వ్యాసాలకు పబ్‌మెడ్‌లో ఇంటిపేరూ పొడి అక్షరాలే ఉంటాయి, పూర్తి పేరుతో వెతికితే అవి తగలవు. చైనీస్ పేర్లకు ఇంకో చిక్కు. వేరువేరు లిపి సంకేతాలతో రాసే పేర్లు లాటిన్ అక్షరాల్లోకి రాగానే ఒకే పేరైపోతాయి. 'వాంగ్ వై' (ఇంటిపేరు వాంగ్, పొడి అక్షరం వై) అంటే ఎందరో. తెలుగులాగే ఇంటిపేరు ముందు రాసే భాషల్లో ఇంటిపేరు ఒక వ్యాసంలో ఇంటిపేరుగానూ ఇంకో వ్యాసంలో సొంతపేరుగానూ నమోదవుతుంది. ఫారంలో రెండు గడులు, నింపేవాళ్లకు ఏది ఎందులోనో తెలియదు.

పేరు వదిలి ఆర్కిడ్ సంఖ్యతో వెతకండి, దానికి ఏయూఐడీ (auid) అనే ట్యాగ్ ఉంది. సంఖ్య లేని పాత వ్యాసాలకు పేరుతో పాటు సంస్థ పేరు జోడించండి. ఇందులో ఒక గొయ్యి ఉంది: 2014కు ముందు రికార్డుల్లో సాధారణంగా మొదటి రచయిత సంస్థ మాత్రమే ఎక్కించేవారు. మీరు మూడో రచయితైతే సంస్థతో వెతికినా కనిపించరు. అలాంటివాటికి ఎప్పుడూ కలిసి రాసే సహరచయిత పేరు జతచేసి వెతకడమే దారి.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఆ రంగం వ్యాసాల సూచిక డీబీఎల్‌పీ కాస్త నయం. ఒకే పేరున్నవాళ్లకు పేరు చివర 0001, 0002 అని నాలుగంకెల సంఖ్య తగిలించి వేరు చేస్తుంది. ఆ సంఖ్య లేని పేజీ ఒక మనిషిది కాదు, ఇంకా తేలనివాటి కుప్ప. మీ వ్యాసాలు అక్కడుంటే జాబితా ఇచ్చి ఈమెయిల్ చేయండి, దిద్దుతారు.

లక్షణం: వెతుకుడు ఫలితాల్లో మీ వివరాల పక్కన ఇంకొకరి ఫొటో

గూగుల్ కుడిపక్క చూపించే పెట్టె చాలా చోట్ల నుంచి సమాచారం ఏరి కూరుస్తుంది. పెట్టె కింద ఉన్న ఫీడ్‌బ్యాక్‌లో ఫొటో తప్పని చెప్పండి. మీరే ఆ వ్యక్తి అయితే పెట్టెను క్లెయిమ్ చేసుకోండి. మీకు సొంత వెబ్‌సైటుంటే వెతుకుడు యంత్రాలు చదవగలిగే స్కీమా డాట్ ఓఆర్‌జీ పద్ధతిలో 'పర్సన్' గుర్తింపు పెట్టి, 'సేమ్‌యాజ్' కింద ఆర్కిడ్, సంస్థ పేజీ లంకెలు ఇవ్వండి. ఎవరైనా దిద్దగలిగే సమాచార నిధి వికీడేటాలో ఇద్దరూ ఒకే అంశంలో కలిసి ఉంటే, ఉన్నదాన్ని తుడిచి మీ వివరాలతో నింపకండి. ఆ అంశం గుర్తింపు సంఖ్యను (క్యూతో మొదలయ్యేది) ఎన్ని డేటాబేసులు వాడుతున్నాయో మీకు తెలియదు. కొత్త అంశం తెరిచి మీ వివరాలు అందులోకి మార్చి, రెండింటికీ ఇద్దరూ వేరని చెప్పే 'డిఫరెంట్ ఫ్రమ్' (పీ1889) గుణం పెట్టండి. లేకపోతే రేపు ఎవరో సదుద్దేశంతోనే మళ్లీ కలిపేస్తారు.

నటులకు, సాంకేతిక నిపుణులకు సినిమాల డేటాబేసు ఐఎమ్‌డీబీ పేరు పక్కన రోమన్ అంకెలు వేస్తుంది. లోపల అసలు తేడా చూపించేది ఎన్‌ఎమ్‌తో మొదలయ్యే సంఖ్య. క్రెడిట్ తప్పుగా పడితే ఆ చిత్రం పేజీలోంచి కాక, తప్పుగా పడిన వ్యక్తి పేజీలో 'ఎడిట్' నొక్కి సరైన సంఖ్య ఇచ్చి మార్పించడం తేలిక. హాలీవుడ్ నటుల సంఘంలో ఒకే పేరుతో ఇద్దరు నమోదు కావడం కుదరదు. మైకేల్ కీటన్ అసలు పేరు మైకేల్ డగ్లస్, ఆ పేరు అప్పటికే ఇంకొకరిది. పరిశోధకులకు అలాంటి కాపలాదారు ఎవరూ లేరు.

లక్షణం: మీపై లేని క్రమశిక్షణ చర్య మీ పేరు కింద కనిపిస్తోంది

డాక్టర్లు, న్యాయవాదులు, ఇంజినీర్లు, నర్సుల లైసెన్సు రిజిస్టర్లలో సంఖ్య ఉంటుంది, అసలు రిజిస్టరు తరచూ సరిగ్గానే ఉంటుంది. తప్పు చేసేది దాన్ని పేరు, ఊరు చూసి కోసుకుపోయే బయటి సైటు. ఆ సైటుకు ఫోను చేసి వాదించే ముందు లైసెన్సు ఇచ్చిన సంస్థ నుంచి మీ సంఖ్యపై చర్యలేవీ లేవని ధ్రువపత్రం తీసుకోండి. అభ్యర్థనలో మీ లైసెన్సు సంఖ్య, చర్య ఎవరిమీద ఉందో వారి సంఖ్య, రెండింటి జారీ తేదీలు పక్కపక్కన రాయండి. తేదీల తేడా చూస్తే ఇద్దరు మనుషులని ఎవరికైనా అర్థమవుతుంది. సైటు దిద్దాక వెతుకుడు ఫలితాల్లో పాత ప్రతి కొన్నాళ్లు మిగులుతుంది, గూగుల్‌కు 'పాత కంటెంట్ తొలగింపు' అభ్యర్థన వేరుగా పెట్టాలి. మిమ్మల్ని నియమించేవాళ్లు, మీ గురించి వార్త రాసేవాళ్లు అడిగితే పేరుకన్నా ముందు సంఖ్యే చెప్పండి.