టీవీ పోటీ నుంచి మ్యూజికల్ వేదికకు: ప్రధాన పాత్ర ఆడిషన్‌కు తయారయ్యే పద్ధతి

టీవీలో పోటీ పెట్టి, ప్రేక్షకుల ఓట్లతో మ్యూజికల్‌కు (పాటలు, డాన్స్‌తో నడిచే రంగస్థల నాటకానికి) నాయికనో నాయకుణ్ణో ఎంచుకునే పద్ధతిని బ్రిటన్‌లో స్థిరపరిచింది 2006లో బీబీసీ ప్రసారం చేసిన ‘హౌ డు యూ సాల్వ్ ఎ ప్రాబ్లమ్ లైక్ మరియా?’. మ్యూజికల్స్ స్వరకర్త, నిర్మాత ఆండ్రూ లాయిడ్ వెబర్ దగ్గరుండి నడిపించిన ఆ పోటీలో కోనీ ఫిషర్ గెలిచింది సెప్టెంబరులో. నవంబరుకల్లా లండన్ పలాడియం థియేటర్‌లో ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ ప్రధాన పాత్రలో నిలబడింది. 2007లో లీ మీడ్, 2008లో జోడీ ప్రెంగర్, 2010లో డానియెల్ హోప్ ఇదే దారిలో వచ్చారు. అమెరికాలో 2007లో ఎన్‌బీసీ ‘గ్రీజ్’ కోసం, 2008లో ఎంటీవీ ‘లీగల్లీ బ్లాండ్’ కోసం వెతికాయి. 2023లో బ్రిటన్‌లో ఐటీవీ ‘మమ్మా మియా!’ కోసం ఒక అమ్మాయినీ ఒక అబ్బాయినీ ఎంచుకుంది.

ఇవి ఏటా వచ్చే పోటీలు కావు. ప్రకటన వచ్చాక దరఖాస్తుకు దొరికే సమయం కొద్దిగానే ఉంటుంది. అందుకే ఇక్కడ చెప్పే పనుల్లో చాలా భాగం ప్రకటన రాకముందే పూర్తయి ఉండాలి. బ్రిటన్‌లో, అమెరికాలో పెరుగుతూ కర్ణాటక సంగీతమో కూచిపూడో నేర్చుకున్న తెలుగు పిల్లలకు దీనికి పనికొచ్చే పునాది ఇప్పటికే ఉంది. మార్చుకోవాల్సిన అలవాట్లు కూడా ఉన్నాయి.

ముందుగా ఒక విషయం మనసులో గట్టిగా పెట్టుకోండి. ఇందులో బహుమతి ఒక ఉద్యోగం. లండన్‌లోనైనా న్యూయార్క్ బ్రాడ్‌వేలోనైనా వారానికి ఎనిమిది ఆటలు, అందులో రెండు రోజులు మ్యాట్నీ, సాయంత్రం ఆట రెండూ ఉంటాయి. ఒక్కసారి అద్భుతంగా పాడగలగడం వేరు, శనివారం మధ్యాహ్నం పాడి మళ్ళీ రాత్రి అదే స్థాయిలో పాడగలగడం వేరు. ఓటు వేసే ప్రేక్షకులు మొదటిదాన్ని చూస్తారు, నిర్మాత రెండోదాన్ని చూస్తాడు. పాట, శ్రుతి, సాధన అన్నిటినీ రెండోదాన్ని దృష్టిలో పెట్టుకునే నిర్ణయించుకోవాలి.

అర్హత, వీసా

పాట ఎంచుకోకముందే నియమాలు మొదటి నుంచి చివరిదాకా చదవండి. ముఖ్యంగా వయసు, ఆ దేశంలో పనిచేసే హక్కు, ఇప్పటికే ఏజెంట్‌తో ఉన్న ఒప్పందాలు, షూటింగ్ రోజుల్లో ఖాళీగా ఉండాలన్న షరతు. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది వీసా దగ్గర. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు వృత్తి కళాకారులుగా పనిచేయకూడదు. అమెరికాలో ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళకు విడిగా అనుమతి లేకుండా క్యాంపస్ బయట ఉద్యోగం కుదరదు. హెచ్-1బీ ఆ వీసా పెట్టించిన యజమాని దగ్గర పనికే పరిమితం. అక్కడి పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉన్నవాళ్ళకు ఈ బెడద లేదు. మిగతావాళ్ళు దరఖాస్తు పంపేముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాలి, ఎందుకంటే నిజంగా పాస్‌పోర్టు చూపించమనే సమయానికి వెనక్కి తగ్గితే నష్టం మీకే.

పిల్లల పాత్రలైతే తల్లిదండ్రులకు ఇంకో పని ఉంటుంది. బ్రిటన్‌లో పిల్లలు వృత్తి ప్రదర్శనల్లో పాల్గొనాలంటే సాధారణంగా స్థానిక కౌన్సిల్ లైసెన్సు కావాలి, పని గంటలకూ పరిమితి ఉంటుంది. 2008 పోటీలో ‘ఆలివర్!’ కోసం ఒకరిని కాక ముగ్గురు అబ్బాయిలను ఎంచుకుని వంతులవారీగా ఆడించింది అందుకే.

పాటను కత్తిరించడం

మొదటి వడపోతలో పాట మొత్తం వినరు. 16 బార్లు లేదా 32 బార్లు అడుగుతారు. నాలుగు లెక్కల బార్ అంటే ఆది తాళంలో సగం ఆవర్తం, కాబట్టి 16 బార్లంటే మీకు తెలిసిన లెక్కలో ఎనిమిది ఆవర్తాలు. నిమిషానికి 120 లెక్కల వేగంలో అది 32 సెకన్లు, 72 లెక్కల నిదానపు పాటలో 53 సెకన్లు. ఈ కొద్ది సమయంలో ఆలాపనకు చోటు లేదు. మెల్లగా మొదలై చివర్లో పైకి ఎగిసే పాటైతే చివరి భాగాన్నే తీసుకోండి. కానీ నేరుగా పైస్థాయి స్వరంతో మొదలుపెట్టకండి. రెండు బార్లైనా మామూలు స్థాయిలో మాటలా సాగి, అక్కడి నుంచి పైకి వెళితేనే ఆ ఎగువ స్వరానికి అర్థం ఉంటుంది.

తయారు చేసుకోవాల్సినవి నాలుగు పాటలు: ఒకటి నిదానంగా, ఒకటి ఉత్సాహంగా, ఒకటి పాత తరం మ్యూజికల్ తీరులో, ఒకటి ఈ కాలపు పాప్ తీరులో. ప్రతి పాటకూ 16 బార్ల ముక్క, 32 బార్ల ముక్క రెండూ సిద్ధంగా ఉండాలి. ఏ మ్యూజికల్‌కు ఎంపిక జరుగుతోందో అందులోని పాట అడిగితే తప్ప మొదటి రౌండులో పాడకపోవడం మేలు. వినేవాళ్ళు దాన్ని ఆ ఉదయమే అనేకసార్లు విని ఉంటారు.

పియానిస్ట్ ఉంటాడని చెబితే షీట్ మ్యూజిక్ (పాట స్వరాలు రాసిన కాగితాలు) మీరే తీసుకెళ్ళాలి. మీరు పాడే కీలోనే (శ్రుతిలోనే) ప్రింటు తీయించండి, అక్కడికక్కడ కీ మార్చి వాయించమని అడగకూడదు. కాగితాలు మెరవని కవర్లలో, రింగుల ఫైల్లో పుస్తకంలా ఎదురెదురు పేజీలుగా పెట్టండి. విడి కాగితాలు పడిపోతాయి, మెరిసే కవర్ల మీద లైటు పడితే స్వరాలు కనిపించవు. మొదలయ్యే చోటు, ముగిసే చోటు, మధ్యలో వదిలేసిన బార్లు మందపాటి పెన్నుతో గుర్తు పెట్టండి. వేగం చెప్పడానికి చిటికెలు వేయకండి. మొదటి రెండు లైన్లు అతనికి వినపడేలా చిన్నగా మీ వేగంలో పాడండి, చాలు. ఆ పది సెకన్లు కంగారుపడి వదిలేసినవాళ్ళే తర్వాత పాట పరుగెత్తిందనో ఈడ్చుకుపోయిందనో బాధపడతారు. కొన్ని పోటీల్లో తొలి రౌండు వాయిద్యం లేకుండానే జరుగుతుంది. అప్పుడు ఫోన్‌లో స్వరం వినిపించే పిచ్ పైప్ యాప్ పెట్టుకుని, లోపలికి పిలిచేముందు మీరు మొదలుపెట్టే స్వరం వినండి. కంగారులో ఎవరైనా అరస్వరం, ఒక స్వరం పైన ఎత్తుకుంటారు, చివరికొచ్చేసరికి అందదు.

గొంతు

ఐదున్నర శ్రుతిలో పాడే అమ్మాయికి తార పంచమం పియానో మీద మధ్య సీకి పై అష్టకంలోని డీ షార్ప్. నేటి మ్యూజికల్స్‌లో నాయిక గట్టిగా పాడే చాలా పాటల శిఖరం దానికి అటూ ఇటూగానే ఉంటుంది. అంటే స్థాయి మీకు కొత్త కాదు. కొత్తది ఏమిటంటే, ఆ స్వరాన్ని నిలబడి, నడుస్తూ, కొన్నిసార్లు డాన్స్ చేసిన మరుక్షణం అందుకోవాలి. అదీ మాటలో ఉండే పదునుతో. దీన్నే బెల్ట్ అంటారు. మెడ బిగించి తోసేస్తే వారం రోజుల్లో గొంతు బొంగురుపోతుంది. తోయకుండా, ఛాతీ స్వరంలో తల స్వరాన్ని కలుపుకుంటూ పైకి వెళ్ళడం నేర్పే మ్యూజికల్ థియేటర్ టీచర్ దగ్గర కనీసం ఆరు నెలలు సాధన చేయాలి.

కర్ణాటక శిక్షణ నుంచి తగ్గించుకోవాల్సింది గమకం. స్వరం నుంచి స్వరానికి జారడం మన చెవికి అందం, ఈ పాటల్లో మాత్రం శ్రుతి కుదరనట్టు వినిపిస్తుంది. ఒక్కో స్వరాన్ని నాలుగు లెక్కలు కదలకుండా పట్టి, ఆఖరి లెక్కలో మాత్రమే చిన్న కంపం ఇవ్వడం రోజూ పది నిమిషాలు సాధన చేయండి. సంగతుల అలవాటు కూడా అంతే. అదే లైను రెండోసారి వస్తే స్వరాలు మార్చి పాడాలని మనసు లాగుతుంది. ఇక్కడ మారాల్సింది ఆ మాట అనే మనిషి మనఃస్థితి.

కీ ఎంచుకోవడానికి గట్టి పరీక్ష ఒకటుంది. ఐదు నిమిషాలు స్కిప్పింగ్ చేసి, ఊపిరి పూర్తిగా కుదుటపడకముందే పాట మొత్తం పాడండి. కాసేపాగి మళ్ళీ పాడండి. రెండోసారీ పై స్వరం హాయిగా వస్తే ఆ కీ మీది. రాకపోతే అరస్వరం దించండి. ఒక అరస్వరం తగ్గిందని ఓట్లు తగ్గవు.

ఉచ్చారణ

తెలుగు నోటికి మూడు చోట్ల జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు ‘ట’, ‘డ’లకు నాలుక మడత పడకూడదు, కొన పైపళ్ళ వెనకున్న గట్టు మీద తగలాలి. మాట మొదట్లో వచ్చే ‘ప’, ‘ట’, ‘క’లకు కాస్త గాలి తోడవ్వాలి. అరచేయి నోటి ముందు పెట్టుకుంటే ఆ గాలి తగలాలి. మూడోది హల్లుతో ముగిసే మాటలు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, సాగదీసి పాడేటప్పుడు చివర ఒక చిన్న ‘ఉ’ తగిలించేస్తాం. రికార్డు చేసుకుని వింటేనే అది బయటపడుతుంది. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు ఈ మూడూ అక్కర్లేదు, వాళ్ళు పాత్రకు కావాల్సిన యాస మీద పనిచేస్తే చాలు.

పాటలో నటన

పాట సాహిత్యాన్ని సంగీతం తీసేసి సంభాషణలా చెప్పండి. తర్వాత అదే విషయాన్ని మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పండి. ఎవరితో అంటున్నారు, ఏం రాబట్టుకోవాలని అంటున్నారు, నిన్న ఎందుకు అనలేదు? ఈ మూడిటికీ సమాధానం దొరికాకే మళ్ళీ రాగంలో పెట్టండి. పద్యనాటకంలో పద్యం ఎదుటి పాత్రను కదిలించడానికి పాడతారు. సురభి నాటకాలు చూసినవాళ్ళకు ఆ సంగతి విడిగా చెప్పనక్కర్లేదు, ఆ తీవ్రతే ఇక్కడా కావాలి.

చూపు గురించి ఖచ్చితమైన నియమం ఉంది. ఆడిషన్ గదిలో జడ్జీల కళ్ళలోకి చూస్తూ పాడకండి. వాళ్ళ తలల పైన ఒక చోటు ఎంచుకుని, మీరు మాట్లాడే మనిషి అక్కడున్నట్టు చూడండి. లైవ్ షోలో ఏ కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతుందో అదే ప్రసారమవుతోందని అర్థం. రిహార్సల్లో దర్శకుడు ఏ లైనుకు ఏ కెమెరా అని చెబుతాడు, సాహిత్యం కాగితం మీదే రాసుకోండి. మధ్యలో కెమెరా కోసం కళ్ళతో వెతికితే ఇంట్లో చూసేవాళ్ళకు అదే కనిపిస్తుంది.

‘మమ్మా మియా!’ లాంటి జంట ఎంపికలో ఇంకో మనిషితో కలిపి పాడిస్తారు. అక్కడ మీ లైను ఎంత బాగా పాడారన్నది సగమే, ఎదుటివాళ్ళ లైను మీరు వింటున్నారా లేదా అన్నది మిగతా సగం.

డాన్స్

ఎనిమిదేసి లెక్కల ముక్కలుగా గబగబా నేర్పించి, చిన్న గుంపులుగా చేయిస్తారు. కూచిపూడి నేర్చుకున్నవాళ్ళకు లయ, ముఖాభినయం వరం. అడ్డొచ్చేవి అరమండి (మోకాళ్ళు పక్కలకు తిప్పి సగం వంగి నిలబడే భంగిమ), బరువుగా పడే పాదం. ఇక్కడ మోకాళ్ళు చాలాసార్లు సూటిగా ముందుకు చూడాలి, బరువు మునివేళ్ళ వైపు ఉండాలి. జాజ్ క్లాసు మూడు నెలలు చేస్తే శరీరం రెండు పద్ధతుల మధ్య తేడా పట్టుకుంటుంది. అడుగు తప్పితే ఆగకండి, తప్పినందుకు ముఖం చిట్లించకండి. ఎలా సర్దుకుంటారో చూడటం కూడా ఎంపికలో భాగమే.

లైవ్ వారాలు

వారం మొత్తం సోలో, బృందగీతం, శిక్షణ, ఇంటర్వ్యూలతో నిండిపోతుంది. శనివారం సాయంత్రానికి గొంతు మిగలాలంటే రిహార్సల్స్‌లో ప్రతిసారీ పూర్తి గొంతుతో పాడకూడదు. కెమెరా, లైట్ల కోసం చేసే రిహార్సల్లో పై స్వరాలను ఒక స్థాయి కింద పాడుతూ గుర్తు చేసుకుంటే చాలు. దీన్ని తప్పుగా ఎవరూ అనుకోరు, ముందే చెప్పండి.

నీళ్ళు పాడేముందు తాగితే సరిపోదు, ఉదయం నుంచీ తాగుతూ ఉండాలి. మామూలు నీటి ఆవిరి పది నిమిషాలు పట్టండి, అందులో ఘాటు మందులు వేయకండి, అవి పొడిబారేలా చేస్తాయి. సన్నటి స్ట్రాను గ్లాసు నీళ్ళలో రెండు అంగుళాలు ముంచి, బుడగలు వచ్చేలా ‘ఊ’ అంటూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి వెళ్ళడం అలసిన గొంతుకు మంచి సాధన. గొంతు సవరించుకోవడం మానండి. గుసగుసలాడటం కూడా విశ్రాంతి కాదు. బొంగురు రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర స్వరపేటిక పరీక్ష చేయించుకోవాలి. కోనీ ఫిషర్ 2007లో గొంతు కోసం కొంతకాలం ఆటలకు దూరం కావాల్సి వచ్చింది. తర్వాత పరీక్షల్లో పుట్టుకతోనే స్వరతంత్రుల్లో ఉన్న లోపం బయటపడింది. ముందే పరీక్ష చేయించుకోవడం వల్ల పోయేదేమీ లేదు.

బీబీసీ పోటీల్లో ఓట్లు తక్కువ వచ్చిన ఇద్దరు ఒక పాటను పంచుకుని పాడేవారు, అందులో ఒకరిని లాయిడ్ వెబర్ కాపాడేవాడు. ఒకే పాట ఇద్దరికీ కాబట్టి కీ మీకు సరిగ్గా కుదరకపోవచ్చు. ఎదుటి గొంతును మించాలని అరవడం అక్కడ జరిగే మామూలు పొరపాటు. మీ వంతు లైన్లలో కథ చెప్పండి, కలిసి పాడే చోట రెండో గొంతుకు చోటివ్వండి. తేల్చేది నిర్మాత, అతనికి కావాల్సింది తోటి నటులతో కలిసి నిలబడగల మనిషి.

ఓటు సాధారణంగా ఆ దేశంలోని ఫోన్లకే పరిమితం. గుంటూరులో బంధువులు ఎంత ఆత్రపడినా లాభం ఉండదు. అక్కడి తెలుగు సంఘాలు, కాలేజీ మిత్రులు, మీ ఊరి స్థానిక పత్రిక, రేడియో, వీళ్ళకు మొదటి లైవ్ షోకు ముందే ఒక ఫోటో, నాలుగు లైన్ల పరిచయం, ప్రసార సమయం పంపండి.

ఒప్పందం, ఆ తర్వాత

లైవ్ షోల ముందు చేతిలో పెట్టే ఒప్పందాన్ని వినోదరంగం తెలిసిన లాయర్‌కు చూపించాకే సంతకం చేయండి. గెలిస్తే ఎన్ని నెలలు, వారానికి ఎన్ని ఆటలు, జబ్బు చేస్తే ఏమిటి, ఓడిపోతే ఎంతకాలం వేరే పని ఒప్పుకోకూడదు అన్నవి అడిగి రాయించుకోవాల్సినవి. ఎనిమిదికి ఎనిమిది ఆటలూ మీరే ఆడాలని ఏమీ లేదు. 2006 పోటీలో ఓడిన ఈఫా ముల్‌హాలండ్ తర్వాత అదే పాత్రను వారంలో కొన్ని ఆటలకు పోషించింది. 2010లో రెండో స్థానంలో నిలిచిన సోఫీ ఎవాన్స్ కూడా అంతే. లీగల్లీ బ్లాండ్ పోటీలో రెండో స్థానం వచ్చిన ఆటమ్ హర్ల్‌బర్ట్ అండర్‌స్టడీ (అసలు నటి రాలేనప్పుడు ఆ పాత్ర వేసే మనిషి) అయింది. కాబట్టి నిష్క్రమించిన రాత్రే నిర్మాణ బృందానికి మీరు ఆల్టర్నేట్‌గా (వారంలో కొన్ని ఆటలకు), అండర్‌స్టడీగా చేయడానికి సిద్ధమని చెప్పండి.

జెస్సీ బక్లీ, సమంతా బార్క్స్, రేచల్ టక్కర్ ముగ్గురూ 2008 పోటీలో గెలవనివాళ్ళే, ముగ్గురికీ తర్వాత పెద్ద పాత్రలు దక్కాయి. ప్రసారం అయిపోయిన కొద్ది వారాలే మీ పేరు కాస్టింగ్ వాళ్ళకు గుర్తుంటుంది. రెండు మంచి పాటల క్లిప్పులు వాడుకునే అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, వాటితో పాటు కొత్త ఫోటోలు, రెజ్యూమే సిద్ధం చేసి, ఒప్పందంలోని నిషేధ గడువు ముగిసే తేదీ రాసి ఏజెంట్లకు పంపండి. ఆ తేదీ రాయకపోతే వచ్చే మొదటి ప్రశ్న అదే.