తాటి పలకలు వంగకుండా, బూజు పట్టకుండా ఆరబెట్టడం

తాటి మొద్దులో చేవంతా అంచునే ఉంటుంది. నడుమ నీరు పట్టిన బెండు. గోటితో నొక్కితే తేడా తెలిసిపోతుంది. రెండూ ఒకే పలకలోకి వస్తే ఎండేకొద్దీ బెండు కుంగి పలక మెలితిరుగుతుంది. కాబట్టి కోత మిల్లులోనే విడదీయించండి.

తాటిలో చక్కెర, పిండి ఉంటాయి కనుక బూజు, పుచ్చు పురుగు తొందరగా వస్తాయి. కోసిన రోజే 100 లీటర్ల నీళ్లలో 3 కిలోల బొరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కరిగించి పలకల్ని ముంచండి. వాన తగిలితే ఈ మందు కొట్టుకుపోతుంది.

తర్వాత పేర్పు. నేలకు అడుగున్నర ఎత్తున, పలకల వరుసల మధ్య 25 మి.మీ. మందం ఎండు బద్దలు, అర మీటరుకొకటి. కింది బద్ద మీదే పై బద్ద రావాలి; పక్కకు జరిగిందా, అక్కడే వంపు. చివర్లకు పెయింటు, పైన రేకు, దానిమీద బరువు.

హైదరాబాద్ మే వడగాలికి పైపొర ముందే ఎండి నెర్రెలిస్తుంది, గాలి కొట్టే వైపు గోనెపట్టా కట్టండి. జులైలో చాలామంది టార్పాలిన్‌తో చుట్టేస్తారు. అది బూజుకు పెంపకమే! పక్కలు తెరిచే ఉంచాలి.

తేమ మీటరు తాటికి సరిగ్గా చూపదు. ఒక ముక్కను వారం వారం తూచండి. రెండు వారాలు బరువు తగ్గకపోతే ఆరినట్టే.